కర్నూలులో ఆఫీసు పెట్టేవాళ్లు, స్థలం అద్దెకిచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసు కోసం స్థలం వెతికేవాళ్లు, ఖాళీ మిద్దెను ఆఫీసుగా మార్చి అద్దెకివ్వాలనుకునేవాళ్లు, కోవర్కింగ్ సెంటరు (సీటు లెక్కన అద్దెకిచ్చే ఉమ్మడి ఆఫీసు) పెడదామనుకునేవాళ్లు కర్నూలులో దాదాపు ఒకే సందేహాలు అడుగుతున్నారు. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన చోట మొదలుపెట్టొచ్చు. లెక్కలు చాలావరకు 30 మంది కూర్చునే ఆఫీసుకు వేసినవి.

## పెట్టాలా వద్దా అనుకుంటున్నప్పుడు

ఓర్వకల్లుకు పరిశ్రమలు వస్తున్నాయంటున్నారు. ఇప్పుడే ఆఫీసు స్థలం కొనేయాలా?

కర్నూలుకు దగ్గర్లోని ఓర్వకల్లు పారిశ్రామిక ప్రాంతం ఉత్త మాట కాదు. హైదరాబాదు-బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దీనికి ఆమోదం తెలిపింది. విస్తీర్ణం 2,621 ఎకరాలు, అంచనా వ్యయం ₹2,786 కోట్లు. అదే రోజు కడప దగ్గరి కొప్పర్తికీ ఆమోదం వచ్చింది. పక్కనే విమానాశ్రయం 2021 మార్చి నుంచి నడుస్తోంది.

అయితే పారిశ్రామిక ప్రాంతంలో మొదట పడేది రోడ్లు, డ్రైనేజీ, నీటి పైపులు, సబ్‌స్టేషన్. తర్వాత ఫ్యాక్టరీల షెడ్లు. ఆఫీసు కుర్చీ నింపే ఉద్యోగం ఆ తర్వాతే. అప్పటిదాకా ఊళ్లో చిన్న ఆఫీసులు అడిగేది సర్వే చేసేవాళ్లు, మట్టి పరీక్షలవాళ్లు, సివిల్, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లు, లారీ ట్రాన్స్‌పోర్టువాళ్లు, ఆడిటర్లు. వాళ్లకు కావలసింది నాలుగు నుంచి పది కుర్చీలు, లారీ పత్రాలు పెట్టుకునే బీరువా, బండి ఆపే చోటు. అద్దాల మేడ వాళ్లకు అక్కర్లేదు. అందుకే మా సలహా: ఇప్పుడు కొనొద్దు, లీజుకు తీసుకోండి. ఈ రోజు అద్దె కట్టగలిగేవాడు ఎవరో పేరు పెట్టి చెప్పగలిగితేనే ముందుకెళ్లండి.

కర్నూలులో ఐటీ కంపెనీలు లేవు కదా, ఆఫీసు స్థలం ఎవరికి కావాలి?

ఈ ఊరికి ఆఫీసులు కొత్త కాదు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఇదే. ఈ మధ్య సంవత్సరాల్లో లోకాయుక్త, మానవ హక్కుల కమిషన్, విద్యుత్ నియంత్రణ మండలి ఇక్కడికి వచ్చాయి. వాటి చుట్టూ న్యాయవాదులు, ఆడిటర్లు, టైపింగు, జిరాక్సు పని ఉంటుంది. విత్తనాలు, పురుగుమందుల కంపెనీల ప్రాంతీయ ప్రతినిధులు, బీమా, వైద్య పరికరాల డీలర్లు ఉన్నారు. గని-శకునాల దగ్గరి 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు లాంటి చోట్ల నిర్వహణ పని చేసే సంస్థలున్నాయి. హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచే పనిచేసే యువత వీటికి తోడు. కోవర్కింగ్ పెట్టేవాళ్లు ఈ చివరి వర్గాన్ని మాత్రమే నమ్ముకుంటే నెలనెలా ఒడిదుడుకులు తప్పవు. సగం సీట్లయినా స్థిరంగా ఉండే చిన్న సంస్థలకు ఇవ్వాలి.

ఇంటి నుంచే పని చేస్తున్నా. డబ్బిచ్చి కోవర్కింగ్‌లో ఎందుకు కూర్చోవాలి?

మీ ఇంట్లో తలుపేసుకునే గది, ఇన్వర్టరు, మంచి ఇంటర్నెట్టు ఉంటే అవసరం లేదు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు కాల్ తెగిపోతోందా, ఇంట్లో చిన్నపిల్లల అలికిడి క్లయింటుకు వినిపిస్తోందా, రోజూ వంగి మంచమ్మీద కూర్చుని నడుము నొప్పి వస్తోందా? అప్పుడు వెళ్లండి. మొదట నెల పాసు కాకుండా పది రోజుల పాసు తీసుకుని మీ అసలు పని గంటల్లోనే కూర్చుని చూడండి. ఉదయం 11కు ప్రశాంతంగా కనిపించిన చోటు రాత్రి 8కి అలాగే ఉండదు.

40 మంది ఉద్యోగులు, వారానికి మూడు రోజులే వస్తారు. 24 కుర్చీలు చాలవా?

40ని మూడుతో గుణించి ఐదుతో భాగిస్తే 24 వస్తుంది, నిజమే. కానీ అది సగటు. రోజులు ఉద్యోగులకే వదిలేస్తే అందరూ మంగళ, బుధ, గురువారాలే ఎంచుకుంటారు. శుక్రవారం సొంతూరికి, సోమవారం తిరుగు ప్రయాణానికి పోతుంది. బుధవారం 35 మంది వచ్చి పదకొండు మంది మీటింగు గదిలో కూర్చుంటారు. రెండు దారులున్నాయి: జట్టువారీగా రోజులు కేటాయించి 28 కుర్చీలతో సరిపెట్టడం, లేదా రోజులు వదిలేసి 36 కుర్చీలు వేయడం. కుర్చీలు తగ్గించేముందు నాలుగు వారాల హాజరు రోజువారీగా రాసుకోండి. అందులో అన్నిటికంటే పెద్ద అంకెను చూసి నిర్ణయించండి, సగటును చూసి కాదు.

కోవర్కింగ్‌లో సీటుకు నెలకు ఎంత తీసుకోవాలో ఎలా లెక్కేయాలి?

పక్క ఊరి ధర చూసి పెట్టొద్దు. మీ నెల ఖర్చంతా కూడండి: అద్దె, కరెంటు, రెండు ఇంటర్నెట్ లైన్లు, ఊడ్చేవాళ్ల జీతం, రిసెప్షన్, నీళ్లు, మరమ్మతులు, పెట్టుబడిని 48 నెలలకు పంచితే వచ్చే మొత్తం. దాన్ని మొత్తం సీట్లతో కాక, 60 శాతం సీట్లతో భాగించండి. ఉదాహరణకు ఖర్చు ₹1,20,000, సీట్లు 30 అయితే 18తో భాగించాలి. సీటుకు ₹6,667 వస్తుంది. 30తో భాగించి ₹4,000 అని బోర్డు పెట్టినవాళ్లు ఒక్క నెల కూడా అసలు రాబట్టుకోలేరు, ఎందుకంటే 30 సీట్లూ ఒకేసారి నిండవు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ బిల్లు బాగా పెరుగుతుంది కాబట్టి కరెంటు ఖర్చును ఏడాది సగటుతో వేయాలి, జనవరి బిల్లుతో కాదు.

## భవనం చూసేటప్పుడు

అడ్వాన్సు ఇచ్చేముందు యజమానిని ఏ కాగితాలు అడగాలి?

ఐదు చాలు: మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, తాజా ఆస్తిపన్ను రసీదు, కరెంటు బిల్లు, ఈసీ (ఆస్తి మీది అప్పులు, లావాదేవీలు చూపే పత్రం). ప్లాను చేతిలో పట్టుకుని భవనమంతా తిరగండి. ప్లానులో 'నివాసం' అని ఉండి కింద అంగళ్లు నడుస్తున్నాయా? ప్లానులో మూడు అంతస్తులుండి ఎదురుగా నాలుగు కనిపిస్తున్నాయా? పార్కింగ్ అని గీసిన చోట గది కట్టారా? ఆస్తిపన్ను రసీదులో వినియోగం ఏమని రాశారు, కరెంటు బిల్లులో పేరు, డోర్ నంబరు కలుస్తున్నాయా చూడండి. డోర్ నంబర్లలో చిన్న తేడా ఉన్నా తర్వాత జీఎస్టీ దరఖాస్తు దగ్గర ఆగిపోతుంది.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని భవనమైతే ఏం నష్టం? అందరూ అలాగే ఉన్నారుగా?

ఆ సర్టిఫికెట్ అంటే భవనం ప్లాను ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ ఒప్పుకున్నట్టు. అది లేదంటే ఎక్కడో ఏదో అతిక్రమణ ఉండొచ్చు. నోటీసు వచ్చేది యజమానికే అయినా లోపల లక్షలు పోసి పార్టిషన్లు, ఏసీలు పెట్టుకున్నది మీరు. బ్యాంకు శాఖలు, పెద్ద కంపెనీలు, ప్రభుత్వ ప్రాజెక్టులు ఆ కాగితం లేకుండా లీజు మీద సంతకం పెట్టవు. అంటే రేపు మీ దగ్గర మళ్లీ అద్దెకు తీసుకునే సబ్‌టెనెంట్లలో మంచివాళ్లంతా చేజారిపోతారు. యజమానులకు మేం చెప్పేదొకటే: అద్దె పెంచుకోవాలంటే గోడలకు రంగుకంటే ముందు ఈ కాగితం తెచ్చుకోండి.

మా ఇంటి పై అంతస్తు ఖాళీగా ఉంది. ఆఫీసుకు ఇవ్వొచ్చా?

వినియోగ మార్పుకు మున్సిపాలిటీ అనుమతి, వాణిజ్య కరెంటు కనెక్షను, ఆస్తిపన్నులో మార్పు కావాలి. నివాసేతర భవనాలకు పన్ను శాతం ఎక్కువ కాబట్టి అద్దె ఒప్పుకునేముందే ఆ తేడా ఎవరు కడతారో తేల్చుకోండి.

చాలామంది మరిచిపోయేది బరువు. ఇళ్ల స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల భారానికి లెక్కేస్తారు. ఆఫీసులకు 250 నుంచి 400 కిలోలు, పాత ఫైళ్లు నిల్వ చేసే గదికి 500 కిలోలు. బల్లలు, కుర్చీలతో ఇబ్బంది రాదు. ఫైళ్ల ర్యాకులు గది నడుమ వరుసగా నిలబెడితేనే ప్రమాదం. యూపీఎస్ బ్యాటరీలూ అంతే: 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒక్కోటి సుమారు 55 కిలోలు, ఎనిమిది కలిపితే 440. వాటిని స్లాబు మధ్యలో కాక, బీము మీదుగా గోడ పక్కన పెట్టించండి. చెక్క దూలాల మీద ఇటుకలు పరిచి కట్టిన పాత మద్రాసు మిద్దె అయితే ఇంజనీరు చూడకుండా ఆఫీసుకివ్వొద్దు.

1,800 చదరపు అడుగులన్నారు, కొలిస్తే 1,400 వచ్చింది. మోసమా?

చాలాసార్లు మోసం కాదు, కొలిచే పద్ధతి వేరు. యజమాని చెప్పేది గోడల మందం, మెట్లు, బాల్కనీ కలిపిన వైశాల్యం. మీకు పనికొచ్చేది గోడల లోపలి నేల, అంటే కార్పెట్ ఏరియా. రెంటి మధ్య 20 నుంచి 25 శాతం తేడా మామూలే. టేపు పట్టి గదిగదికీ కొలిచి, అగ్రిమెంటులో కార్పెట్ ఏరియా అంకెనే రాయించండి. 30 మందికి మనిషికి 60 చదరపు అడుగుల చొప్పున 1,800 కార్పెట్ ఏరియా కావాలి. ఇందులో మీటింగు గది, టీ కౌంటరు, నడిచే దారి కలిసే ఉంటాయి.

నదికి దగ్గర్లో చవగ్గా దొరుకుతోంది. తీసుకోవచ్చా?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీని ముంచేశాయి. మీరు చూసే వీధిలో అప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఎదురింటి పెద్దవాళ్లను అడగండి. చేత్తో గోడ మీద చూపిస్తారు. ఆ గీతకు పైనున్న అంతస్తు అయితే నిశ్చింతగా తీసుకోండి. కింది అంతస్తే దిక్కయితే మెయిన్ ప్యానెలు, యూపీఎస్, సర్వరు, ఒరిజినల్ పత్రాల బీరువా పై అంతస్తులో పెట్టాలి. స్విచ్ బోర్డులు నేల నుంచి నాలుగడుగుల ఎత్తున బిగించండి. మీ బీమా పాలసీలో వరద నష్టం ఉందో లేదో చదివి చూసుకోండి.

ఊరి చివర కొత్త భవనం, అప్పుడే గోడల్లో పగుళ్లున్నాయి. భయపడాలా?

పగులు ఎలా ఉందో చూడాలి. కర్నూలు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది తగినంత లోతుకు పోకపోతే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. అవి ప్రమాద సూచన. ప్లాస్టరింగు మీద వెంట్రుకల్లాంటి గీతలు మాత్రం తడపడంలో లోపం, దానికి భయం లేదు. అనుమానముంటే పగులుకు అడ్డంగా చిన్న గాజుముక్క సిమెంటుతో అతికించి నెల తర్వాత చూడండి. గాజు విరిగితే పునాది ఇంకా కదులుతున్నట్టే.

30 మందికి పార్కింగ్ ఎంత కావాలి?

మన దగ్గర ఎక్కువమంది బైకు మీదే వస్తారు. 25 బైకులకు తిప్పుకునే దారితో కలిపి బండికి 3 చదరపు మీటర్ల చొప్పున 75 చదరపు మీటర్లు, అంటే దాదాపు 800 చదరపు అడుగులు. నీడ లేకపోతే వేసవి సాయంత్రం సీటు మీద కూర్చోలేరు. సెల్లారును గోదాముగా మార్చేసిన భవనమైతే వద్దనే చెబుతాం.

11 నెలల అగ్రిమెంటు చాలా, రిజిస్టరు చేయించాలా?

ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించడం 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరి; మన రాష్ట్రంలో 1999 సవరణతో ఏడాదిలోపు లీజుకూ తప్పనిసరే. అయినా ఆ ఖర్చు తప్పించుకోడానికి చాలామంది 11 నెలలు రాసుకుని ఊరుకుంటారు. నాలుగు బల్లలు వేసుకునే సంస్థ అలా నెట్టుకొస్తుందేమో. లోపల ₹10 లక్షలు పెట్టేవాళ్లకు మాత్రం చాలదు. పన్నెండో నెలలో అద్దె రెట్టింపు చేస్తానంటే మీ చేతిలో ఏమీ ఉండదు. కనీసం మూడేళ్లకు రిజిస్టరు చేయించి ఇవి రాయించండి: ఏటా పెంపు ఎంత శాతం, యజమాని ఖాళీ చేయమనకూడని కాలం, ఆస్తిపన్ను పెరిగితే ఎవరిది, అదనపు కరెంటు లోడు ఖర్చు ఎవరిది, వెళ్లేటప్పుడు ఏసీలు, పార్టిషన్లు తీసుకెళ్లొచ్చా, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి.

## అనుమతులు, రిజిస్ట్రేషన్లు

కొత్తగా ఆఫీసు భవనం కట్టాలి. ప్లాను అనుమతి ఇప్పుడు ఎలా?

కాగితాల కట్ట పట్టుకుని తిరిగే రోజులు పోయాయి. లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు, వాడుకలో ఎల్‌టీపీ, మీ తరఫున భవన అనుమతుల ఆన్‌లైన్ పోర్టల్ డీపీఎంఎస్‌లో డ్రాయింగు పెడతారు. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం సాఫ్ట్‌వేరే సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు, పార్కింగు లెక్క సరిచూస్తుంది. దరఖాస్తులు వెనక్కి రావడానికి మేం చూసే కారణాలు: దస్తావేజులోని కొలతలు, నేల మీది కొలతలు కలవకపోవడం, ఎదుటి రోడ్డు వెడల్పు ఎక్కువ రాయడం, రోడ్డు విస్తరణకు పోయే భాగం వదలకపోవడం. అందుకే డ్రాయింగుకు ముందే సర్వేయరుతో స్థలం కొలిపించి, మాస్టర్ ప్లానులో ఆ సర్వే నంబరు ఏ వినియోగంలో ఉందో చూపించుకోండి. నిర్మిత వైశాల్యంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టాల్సి వస్తే, ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకున్నాకే ఆ తనఖా విడుదలవుతుంది.

స్వీయ ధ్రువీకరణ వచ్చిందంటున్నారు, ఆఫీసు భవనానికీ వర్తిస్తుందా?

ప్లాను నియమాల ప్రకారమే ఉందని యజమాని, ఎల్‌టీపీ తామే సంతకం పెట్టి అనుమతి తీసుకునే పద్ధతి ఇది. 2025లో తెచ్చిన ఆ సౌకర్యం 18 మీటర్ల లోపు ఎత్తుండే నివాస భవనాల కోసం. ఇల్లని చెప్పి స్వీయ ధ్రువీకరణతో అనుమతి తీసుకుని ఆఫీసు పెడితే అతిక్రమణే. సంతకం పెట్టిన ఎల్‌టీపీ లైసెన్సుకూ ముప్పే. కింద అంగళ్లు, పైన ఇల్లు అనుకునేవాళ్లు మొదటి రోజే ఆ మాట ఎల్‌టీపీకి చెప్పాలి.

హైవే పక్కన మా పొలంలో ఆఫీసు కట్టాలి. నాలా చేయించాలా?

వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చడాన్నే నాలా అంటారు. దానికి సంబంధించిన 2006 చట్టాన్ని రాష్ట్రం 2025లో రద్దు చేసింది. విడిగా నాలా మార్పిడి కోసం తిరగాల్సిన పని తప్పింది. భవనం లేదా లేఅవుటు అనుమతి సమయంలోనే అభివృద్ధి రుసుము కడతారు. దీన్ని 'ఏ పొలంలోనైనా కట్టుకోవచ్చు' అని అర్థం చేసుకోవద్దు. మాస్టర్ ప్లానులో ఆ భూమి వ్యవసాయ జోనులో ఉంటే వినియోగ మార్పు ఇప్పటికీ కావాలి. హైవే నుంచి దారి పెట్టుకోడానికి జాతీయ రహదారుల సంస్థ అనుమతి వేరే.

ఇంటి మీటరు మీదే ఆఫీసు నడిపితే ఏమవుతుంది?

తనిఖీలో దొరికితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అనధికార వినియోగం అవుతుంది. వర్తించే టారిఫుకు రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి నడుస్తోందో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కగడతారు. బిల్లు యజమాని పేరునే వస్తుంది. విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్‌లో కేటగిరీ మార్పుకు ముందే దరఖాస్తు చేసుకోవడం ఎంతో చవక.

ఆఫీసు తెరిచాక ఏమేం రిజిస్ట్రేషన్లు చేయించాలి?

దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో 30 రోజుల్లోపు. నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు, ఏటా రెన్యువల్. పదిమంది ఉద్యోగులుంటే ఈఎస్ఐ, నెలకు ₹21,000 దాకా జీతమున్నవాళ్లకు వర్తిస్తుంది. ఇరవైమంది ఉంటే పీఎఫ్. వృత్తి పన్ను జీతంలోంచి మినహాయించి కట్టాలి: ₹15,000 దాకా లేదు, ₹20,000 దాకా నెలకు ₹150, ఆపైన ₹200. చిన్న సంస్థలు ఎక్కువగా మరిచిపోయేది ఈ వృత్తి పన్నే.

కోవర్కింగ్ చిరునామా మీద జీఎస్టీ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. సెంటరుతో ఒప్పందం, భవన యజమాని అంగీకార పత్రం, కరెంటు బిల్లు కావాలి. అధికారి చూడ్డానికి వచ్చినప్పుడు మీ పేరు బోర్డు, మీకు కేటాయించిన సీటు నంబరు కనిపించాలి. ఒకే చిరునామా మీద యాభై సంస్థలుండి ఒక్క బల్ల కూడా లేని చోటును నమ్మొద్దు. అలాంటి చిరునామాల్లో ఒకరి తప్పుకు అందరి రిజిస్ట్రేషన్లూ తనిఖీకి వెళ్తాయి.

ఆఫీసు అద్దె మీద పన్నులేంటి?

వాణిజ్య అద్దెకు జీఎస్టీ 18 శాతం. యజమాని జీఎస్టీలో లేకపోయినా, మీరు ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి రివర్స్ చార్జి కింద మీరే కట్టాలి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం కట్టే పథకం) ఉన్నవాళ్లకు ఇది లేదు. అద్దె నెలకు ₹50,000 దాటితే టీడీఎస్ (అద్దెలోంచి ముందే మినహాయించి కట్టే ఆదాయపన్ను): కంపెనీలు, ఆడిట్ పరిధిలోని సంస్థలు 10 శాతం, ఆడిట్ అవసరం లేని వ్యక్తులు 2 శాతం మినహాయించాలి.

ఫైర్ ఎన్‌ఓసీ కావాలా?

వాణిజ్య భవనం ఎత్తు 15 మీటర్లు, అంతకుమించి ఉంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే ఈ పత్రం కావాలి. చిన్న భవనమైనా కరెంటు ప్యానెలు దగ్గర మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ప్రతి 15 మీటర్ల నడకకూ ఒక ఏబీసీ పౌడరు సిలిండరు పెట్టండి. మెట్ల కింద అట్టపెట్టెలు, పాత కుర్చీలు దాచొద్దు. మంటలు వస్తే బయటికి పోయే దారి అదొక్కటే.

## లోపల పని చేయించేటప్పుడు

ఎన్ని టన్నుల ఏసీ కావాలి?

కర్నూలు మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. మధ్య అంతస్తులో టన్నుకు 150 చదరపు అడుగులు, పైకప్పు నేరుగా ఎండకు కాగే చివరి అంతస్తులో 105 అని లెక్కేయండి. 1,800 చదరపు అడుగులకు మధ్య అంతస్తులో 12 టన్నులు, అంటే ఒకటిన్నర టన్ను ఏసీలు ఎనిమిది. పై అంతస్తులో 17 టన్నులు, అంటే పదకొండు, పన్నెండు. చివరి అంతస్తు అద్దె తక్కువని మురిసిపోయేవాళ్లు ఈ నాలుగు ఏసీల ఖరీదు, వాటి కరెంటు కలిపి చూసుకోవాలి. మిద్దెకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయిస్తే భారం తగ్గుతుంది. బయటి యూనిట్లు పడమటి గోడకు బిగించొద్దు. మధ్యాహ్నం ఎండలో వేడి బయటికి తోయలేక కంప్రెసరు ఆగిపోతుంది.

కరెంటు లోడు ఎంత అడగాలి? యూపీఎస్ ఎంతది?

ఎనిమిది ఏసీలకు 12.8 కిలోవాట్లు, 30 ల్యాప్‌టాప్, మానిటర్ జతలకు 3, లైట్లకు 1.5, మోటరు, ఫ్రిజ్, కెటిల్, ప్రింటరుకు 3. మొత్తం 20 దాటుతుంది. అన్నీ ఒకేసారి పూర్తిగా నడవవు కాబట్టి 18 నుంచి 20 కిలోవాట్ల త్రీఫేజ్ అడగండి.

యూపీఎస్ మీద కంప్యూటర్లు, రూటర్లు, కొన్ని లైట్లే ఉండాలి: సుమారు 3.3 కిలోవాట్లు. 5 కేవీఏ యూపీఎస్, 150 ఏహెచ్ బ్యాటరీలు ఎనిమిదితో రెండు గంటలు వస్తుంది. టీ కెటిల్ ఎవరో యూపీఎస్ సాకెట్లో పెట్టడం వల్ల మొత్తం ఆఫీసు ఆరిపోవడం చాలా చోట్ల జరిగేదే. ఆ సాకెట్లకు వేరే రంగు ప్లేట్లు వేయించండి. బ్యాటరీలు మూసిన స్టోరు గదిలో పెట్టొద్దు. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

కంప్యూటర్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. ఎందుకు?

చాలావరకు ఎర్తింగు లోపం. రాతి నేల ఉన్న చోట వేసవిలో ఎండిపోయి ఎర్త్ పిట్ పనిచేయదు. డిసెంబరులో కొలిచి బాగుందంటే చాలదు, మే నెలలో కొలిపించండి. 5 ఓమ్‌ల లోపు ఉండాలి. ఎక్కువుంటే కెమికల్ ఎర్తింగు వేయించి, గుంతలో వారానికో బిందె నీళ్లు పోయించండి. న్యూట్రల్, ఎర్త్ మధ్య 3 వోల్టులు దాటుతుంటే యూపీఎస్ సర్వీసువాళ్లు కూడా వారంటీ ఒప్పుకోరు.

రెండు ఇంటర్నెట్ కనెక్షన్లున్నా ఒకేసారి పోతున్నాయి. ఏంటి కారణం?

రెండు కంపెనీలైనా తీగ ఒకే స్తంభం మీద నుంచి వస్తోంది. లారీ తగిలితే రెండూ తెగుతాయి. బయటికొచ్చి తలెత్తి చూడండి: రెండు నల్ల తీగలూ పక్కపక్కనే వేలాడుతుంటే మీకున్నది ఒక్క లైనే అనుకోవాలి. ఒకటి స్తంభాల మీదిదైతే రెండోది భూగర్భ కేబులు లేదా 5జీ తీసుకోండి.

రెండో కారణం: మీ దగ్గర యూపీఎస్ ఉన్నా వీధిలోని కంపెనీ పెట్టెకు బ్యాకప్ లేకపోతే కరెంటుతో పాటే నెట్టు పోతుంది. కనెక్షను తీసుకునేముందు ఆ పెట్టెకు బ్యాటరీ ఎన్ని గంటలో అడగండి. 20 మంది ఒకేసారి వీడియో కాల్‌లో ఉంటే అప్‌లోడే 80 ఎంబీపీఎస్ కావాలి. ప్లాను మీద రాసేది ఎక్కువగా డౌన్‌లోడు అంకె. నెలకోసారి ఒక లైను పీకేసి రెండోదానికి దానంతటదే మారుతోందో లేదో చూడండి.

బేతంచెర్ల బండల నేల ఉంది. టైల్స్ వేయాలా?

బండలు చల్లగా ఉంటాయి, గట్టివి, తీసేయొద్దు. ఇబ్బందల్లా సందుల దగ్గరే. కుర్చీ చక్రం సందులో పడి ప్రతిసారీ టక్కుమంటుంది, ఆర్నెల్లకు చక్రం పిన్ను విరుగుతుంది. సందులు ఎపాక్సీతో సమానంగా నింపించి, గట్టి ప్లాస్టిక్ చక్రాల బదులు మెత్తటి పాలియురేథేన్ చక్రాలు వేయించండి. తీగలు నేలలో కాక గోడ వెంట ట్రంకింగులో (తీగలు దాచే మూతున్న ప్లాస్టిక్ గొట్టం) తీసుకెళ్లండి. బండ నేల, సిమెంటు కప్పు కలిసి మాట ప్రతిధ్వనిస్తుంది. మీటింగు గదిలో మందపాటి కర్టెన్లు, ఒక గోడకు శబ్దం పీల్చే ప్యానెల్ చాలు.

బాత్‌రూములు, నీళ్లు ఎన్ని?

మగవాళ్లు 25 మందికి ఒకటి, ఆడవాళ్లు 15 మందికి ఒకటి కనీసం. వేర్వేరు దారులతో ఉండాలి. ఆడవాళ్ల బాత్‌రూములో మూతున్న చెత్తబుట్ట, తలుపుకు సరైన గడియ, లోపల కొక్కెం ఉన్నాయా చూడండి. ఇవి లేని ఆఫీసులో ఆడపిల్లలు నిలవరు. నీళ్లు మనిషికి రోజుకు 45 లీటర్ల చొప్పున 30 మందికి 1,350 లీటర్లు. వేసవిలో కుళాయి నీళ్లు ఒక రోజు రాకపోయినా గడవాలంటే 3,000 లీటర్ల ట్యాంకు పెట్టించండి.

## నడిపేటప్పుడు

అమెరికా పని కోసం రాత్రి షిఫ్టు అడుగుతున్నారు. ఏం ఏర్పాట్లు కావాలి?

మొదట యజమాని, పక్కింటివాళ్లు. అగ్రిమెంటులో రాత్రి వినియోగం రాయకపోతే పది గంటలకు గేటుకు తాళం పడుతుంది. మహిళలుంటే రాతపూర్వక అంగీకారం, ఇంటి గుమ్మం దాకా వాహనం, మెట్ల దగ్గర, పార్కింగులో వెలుతురు, కెమెరా, కాపలా మనిషి కావాలి. రాత్రి తినడానికి దగ్గర్లో ఏమీ తెరిచి ఉండదు కాబట్టి ఫ్రిజ్, మైక్రోవేవ్ సమకూర్చండి. కాల్స్ మాట్లాడుకోడానికి నాలుగడుగుల గదులు రెండు కట్టిస్తే హాలంతా ప్రశాంతంగా ఉంటుంది. వాటికి గాలి బయటికి పోయే ఫ్యాను తప్పనిసరి, లేకపోతే పది నిమిషాల్లో ఊపిరాడదు.

వేసవిలో ఏసీలు నడుస్తున్నా చల్లబడటం లేదు. గ్యాసు నింపించాలా?

ముందు ఫిల్టరు తీసి వెలుతురుకు పట్టి చూడండి. జూన్, జూలై గాలులకు దుమ్ము పేరుకుని జాలీ కనిపించకుండా పోతుంది. వారానికోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టాలి. తర్వాత బయటి యూనిట్ రెక్కలు నీళ్లతో కడిగించండి. పైపు లీకు లేకుండా గ్యాసు దానంతటది తగ్గదు. లీకు వెతక్కుండా గ్యాసు నింపుతానన్న మెకానిక్‌కు డబ్బులివ్వొద్దు, నెలలో మళ్లీ అదే పరిస్థితి.

సబ్‌టెనెంట్ చెప్పకుండా ఖాళీ చేసి వెళ్లిపోయారు. అడ్వాన్సు ఎంత ఉంచుకోవాలి?

ఒప్పందంలో రాసుకున్నంతే. కోవర్కింగ్‌లో రెండు నెలల అడ్వాన్సు, నెల రోజుల నోటీసు సమంజసం. చేరిన రోజున సీటు, కుర్చీ, డ్రాయరు తాళం ఫోటో తీసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. వెళ్లిన సంస్థ జీఎస్టీ చిరునామా మార్చుకుందా, బోర్డు తీసేసిందా చూసుకుని, ఆ చిరునామాకు ఇక అంగీకారం లేదని వాళ్లకు ఈమెయిల్ పంపండి. ఆ ఈమెయిల్ కాపీని సీటు ఫైల్లో దాచండి; ఆర్నెల్ల తర్వాత వాళ్ల కోసం ఎవరైనా అధికారి వస్తే చూపించాల్సింది అదే.